అన్ని నంబర్లూ కలిశాయి

కేటలాగులో బండికి ఎనిమిది వాక్యాలే ఇస్తారు.
ఎంత బతికిన బండైనా
ఆ ఎనిమిదింట్లోనే సర్దుకోవాలి.

‘1969 పాంటియాక్ జీటీవో.
ముదురు తమలపాకు పచ్చ.
నాలుగొందల క్యూబిక్ అంగుళాల వీ-ఎయిట్ ఇంజను.
నాలుగు గేర్లు, చేత్తో మార్చేవి.
అన్ని నంబర్లూ కలిశాయి.’

ఈ ఆఖరి ముక్కకే ఇక్కడ ధర.
ఇంజను దిమ్మ మీద కొట్టిన అంకెలు,
గేరుబాక్సు చెంప మీది అంకెలు,
అద్దం కింద రేకు మీది అంకెలు
ఒకే కడుపున పుట్టామని సాక్ష్యం చెప్పాలి.
చెబితే లక్ష డాలర్లు దాటుతుంది.
ఒక్కటి నోరు జారినా
అదే బండి, అదే పచ్చ, సగానికి సగం.

తెచ్చినవాడు వెర్లిన్ స్టకీ, మన్సీ ఊరివాడు.
ఎడమ చూపుడువేలు సగమే ఉంది.
మిగతా సగం ఏదని అడిగితే
‘ఫ్యాక్టరీలో ఉండిపోయింది,
వాళ్ళు ఇవ్వలేదు, నేనూ అడగలేదు’ అన్నాడు.

సెల్మా దగ్గర కోళ్ళషెడ్డులో దొరికిందట,
హెడ్‌లైట్ల గూళ్ళలో ఎలుకలు సంసారం చేస్తుండగా.
నేల రేకు వేలితో నొక్కితే
అప్పడంలా విరిగింది.
పదకొండేళ్ళు.
విప్పిన ప్రతి బోల్టునీ రొవీనా
పచ్చళ్ళ సీసాల్లో వేసి చీటీ అంటించేది:
‘కుడి తలుపు, పైది.’
‘ఇదేమిటో వెర్లిన్‌కే తెలియాలి.’
ఆవిడ పోయాక ఒక్కో సీసా ఖాళీ అవుతూ వచ్చింది.
ఖాళీ సీసాలు ఇప్పటికీ షెడ్డులోనే ఉన్నాయి,
చీటీలతో సహా.

గేరుబాక్సు కడిగిన రోజు
గ్రీజు పొర కింద తేదీ బయటపడింది.
ఏప్రిల్ పద్నాలుగు.
మన్సీలోనే తయారైంది, వీధి చివర,
ఇప్పుడు సిమెంటు పగుళ్ళలో గడ్డి మొలిచే చోట.
అటక మీది జీతం చీటీలన్నీ దింపి చూసుకున్నాడు.
ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు.
‘నా చేతి మీదుగానే పోయి ఉంటుంది.’
నిజమేనా అన్నాను.
‘ఏమో. ఆ నెలలో వేలకొద్దీ పోయాయి.
కాదని చెప్పగలిగినవాళ్ళు మాత్రం
ఎవరూ బతికి లేరు.’

ఇది తొమ్మిదో వాక్యం.
రాయడానికి చోటు లేదు.

మే నెల, ఇండియానాపొలిస్ మేళా మైదానం.
గుడారం కింద వేయించిన మొక్కజొన్న వాసన, మైనం వాసన.
అరిజోనా నుంచి వచ్చిన హాల్‌గ్రిమ్
కర్రకు కట్టిన అద్దంతో బండి కడుపు చూశాడు.
తెల్ల తొడుగుల్లోంచి వేళ్ళు బయటికి రాలేదు.
డ్రైవరు సీట్లో కూర్చోలేదు.
తాళం తిప్పమని అడగలేదు.
అంకెలు మాత్రం మూడుసార్లు చదివాడు,
పెదాలు కదుపుతూ.
లక్షా పద్దెనిమిది వేలకు సుత్తి పడింది.
చప్పట్లు కొడుతున్నప్పుడు వెర్లిన్
టోపీ తీసి లోపలికి చూసుకున్నాడు,
అక్కడేదో రాసి ఉన్నట్టు.

ట్రెయిలరు మైదానానికి ఆ చివర నిలబెట్టారు.
ఇద్దరు కుర్రాళ్ళు తాడుతో లాగడానికి వచ్చారు.
‘అక్కర్లేదు, నేను ఎక్కిస్తాను’ అన్నాడు.
బీమావాడు నా వైపు చూశాడు.
నేను కాగితాల వైపు చూశాను.

తాళం తిరిగింది.
నా బల్ల మీద కాగితపు కప్పులో కాఫీ
వలయాలు వలయాలుగా వణికింది.
నాలుగు వరసల అవతల
బేరం మధ్యలో ఉన్నవాళ్ళు అంకె మరిచిపోయారు.
మొదటి గేరులో కదిలింది, నడకంత నెమ్మదిగా.
రెండో గేరుకి అక్కడ చోటు లేదు.
అయినా వేశాడు.
ఆ సగం వేలున్న చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి
గాలిని కాసేపు పట్టుకుని
వదిలేశాడు.

దిగాక తాళాలు ఇచ్చాడు. ఇంకేమీ అనలేదు.
హాల్‌గ్రిమ్ మనిషి ఒకడు టైర్లకంటిన గడ్డి తుడిచాడు.

అమ్మకం కాగితం మీద మైలేజీ పొద్దున్నే రాసిపెట్టాను:
61,407, దాని పక్కన మూడు పదో వంతులు.
సంతకాలకు ముందు మరోసారి చూడాలి, అది నియమం.
చూశాను.
మూడు జరిగిపోయి నాలుగు నిలబడి ఉంది.

దిద్దలేదు.