ఎన్కకు తన్నేది

సిరొంచ ఠాణా వెనక కొట్టుగదిల
ముసురు పట్టి నాలుగో రోజు.
నాగపూర్ నుంచి గోనె సంచి వచ్చింది,
ఏడు పొట్టి తుపాకుల వెనక సామానంత ఒక్క కాడ.
గొట్టాలు, స్ప్రింగులు, బఫర్లు.
దేని జోడు ఏదో రాసిన చీటీ
దారిల తడిసి ముద్దయింది.

సాహెబు గడపల నిలబడి గొడుగు దులుపుకుంట అన్నడు:
"దుర్గం, సాంజ్ పర్యంత్ పాహిజే."
పొద్దుగూకేలోపు కావాల్నట.
"హో సాహెబ్" అని నోరు మరాఠీల అన్నది.
చేతులు మాత్రం తెలుగుల
జెర ఆగుమన్నయ్.

ముందుకు పోయేదాని గురించే అందరు అడుగుతరు,
ఎంత దూరం పోతది, గురి ఎట్లుంటది అని.
ఎన్కకు తన్నేది ఎవలకు పట్టింది?
ముప్పయ్యేండ్ల నా జీతం దాని మీదనే.

కొత్తగ వచ్చిన పోరడు మట్టామి దోగె
స్ప్రింగు చేతిల తిప్పుకుంట అడిగిండు:
"కాకా, పొడుగుది పొట్టి గొట్టంల కుక్కితే?"

పడుతది బిడ్డ.
చిన్న పెట్టెల పెద్ద బొంత పట్టినట్టు పడుతది.
మూత పడ్డదని మురుస్తవ్ నువ్వు.
లోపల చుట్ట మీద చుట్ట ఎక్కి కూసుంటది,
బోల్టు సగం దారిల గోడకు గుద్దుకుంటది,
ఖాళీ తూటా గొంతుల్నే ఇరుకుతది.

"మరి పొట్టి బఫర్, పొడుగు గొట్టంల?"

అది ఇంకా చెడ్డది.
ఆపేటోడు లేని ఇనుము
రావద్దన్న కాడిదాంక వస్తది,
ఒక దినం పెయ్యికే పగులు పెడతది.

స్ప్రింగులన్నిటిని కిటికీ గూట్ల నిలబెట్టిన,
బడి ముందట పోరగాండ్లను నిలబెట్టినట్టు.
ఒకటి గోరెడు కురుచ.
ఎన్ని దెబ్బలు మింగిందో, అలిసింది.
దాన్ని పక్కకు పెట్టిన.
మిగిలినయ్ తూకం సూసుకోవాలె:
బరువైన బఫర్ అయితే సోమరిగ కదులుతది,
తేలికది తొందరపడి తంతది.
భుజానికి ఆనిచ్చే కట్టె లేదు వీటికి,
తన్నినదంత మణికట్టే మొయ్యాలె.

బఫర్ను చెవికాడ పెట్టి ఊపిన.
లోపలి బిళ్లలు కదిలినయ్,
చిటుకు, చిటుకు.
దోగె కూడ ఊపిండు, నవ్విండు.
"మా ఊర్ల ఆటకు కాళ్లకు కట్టేటివి
అచ్చం గిట్లనే అంటయ్ కాకా."
ఏ ఊరని నేను అడగలే.
గోడకున్న గస్తీ పటంల
ఎర్ర సున్నా చుట్టిన ఊర్లు పన్నెండు.

నాలుగు గంటలకు అయిదు కుదిరినయ్.
ఆరోదాన్ని గుంజి ఇడిస్తే
టక్కుమని పట్టుకున్నది,
కోడలు కడి పెట్టుకున్నట్టు.
ఏడోదానికి గొట్టమున్నది, స్ప్రింగున్నది,
మిగిలిన బఫరేమో వేలెడు పొడుగు.

"కాపూన్ టాక్ నా" అన్నడు సాహెబు. కోసెయ్యరాదు!
కోస్తే బిళ్లలు జారిపడుతయ్ సార్,
అప్పుడది బఫర్ కాదు, ఉత్త డబ్బా.
ఆయన ముఖం ఎర్రగయింది,
"తుమ్హీ సీమేవర్‌చే లోక్" అని ఏదో అనబోయి
ఫోను మోగితే పోయిండు.

రిజిస్టర్ల మరాఠీల రాసిన:
ఆరు తయార్. ఒకటి లేదు.
లెక్క మాత్రం లోలోపల
ఒకటి రెండు మూడు అనే పెట్టుకున్న,
మా అవ్వ చింతగింజలతోని నేర్పినట్టు.

ఇంటికి పోతే పోసక్క
బువ్వ ముందల పెట్టి, చెయ్యి వాసన సూసి
కుంకుడుకాయ రసం గిన్నె జరిపింది.
ఏం చేసినవ్ పొద్దంత అని అడిగితే
ఏమున్నది, జోడు కలిపిన అన్న.

తెల్లారి దోగె
ఆరోదాన్ని సంకకు తగిలించుకొని గస్తీకి పోయిండు.
ఎటు దిక్కని అడగలే.
మణికట్టు జాగ్రత్త అని మాత్రం అన్న,
ఇన్నడో లేదో.

దేనికీ కుదరని ఆ పొడుగుది
నా బల్ల సొరుగులనే ఉన్నది.
వంతెన దిక్కు ఇసుక లారీ మలిగినప్పుడల్ల
గోడ అదురుతది, బల్ల అదురుతది,
సొరుగుల చిటుకు, చిటుకు.

రాసే చెయ్యి ఆగుతది.
లారీ పోయినంక
మళ్ల రాస్త.