నలభై మూడో రాయి

ఓస్తియా దారిలో, పాత నగర ద్వారం పక్క గోడకి
పరంజా ఎక్కి ఇది మూడో వారం.
పెన్సిలు, కొలత టేపు, మెడ మీద ఎండ.
కిందనుంచి ఎర్సీలియా కేకేస్తుంది:
రాయి చెప్పిందే రాయి, నువ్వనుకున్నది కాదు.

నలభై మూడోది మూల రాయి.
దాని డొక్కలో ఒక గుంట.
వేలు పెట్టి చూశాను, మూతి ఇరుకు, అడుగు వెడల్పు.
బరువెత్తే ఇనుప చీలల కోసం ఎవరో తొలిచింది.
అలాంటి గుంట నడినెత్తిన ఉండాలి
తాడు లాగినప్పుడు రాయి ఒరగకుండా.
డొక్కలోకి ఎలా వచ్చింది?
గుంట కదల్లేదు. రాయే
నిలబడి నిలబడి, ఎవరో తోస్తే, ఒత్తిగిలి పడుకుంది.

గుంట పక్కనే అంచుకి ఒక గాడి, పావురం తోకలా.
జోడు రాయిని పట్టుకోవడానికి సీసం పోసిన చోటు.
ఇప్పుడు దానికి ఆనుకున్నది ఒట్టి ఇటుక వరస.
ఎవరికో చాచిన చెయ్యి
పదిహేడు వందల ఏళ్ళుగా సున్నంలో చాచే ఉంది.
(ఈ మాట నోట్సులో ఉంటే ఎర్సీలియా కొట్టేస్తుంది.
కొట్టేసింది.)

మధ్యాహ్నం నజ్జరేనో వస్తాడు
తివోలి గనుల్లో నలభై ఏళ్ళు రాయి కొట్టినవాడు.
చెవులు పోయాయి, చేతులకి వినపడుతుంది.
పుచ్చకాయని తట్టినట్టు గోడని తట్టి
భయంతో కట్టారమ్మా, అంటాడు.
శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో
ఈ సందులు చూస్తే తెలీదూ!

రాత్రి దీపం ఏటవాలుగా పట్టుకున్నాం.
పగలంతా నున్నగా నటించిన ముఖం
అక్షరాలు కక్కింది, నిలువునా, పైనుంచి కిందికి.
మెడ వంచాను. చాలలేదు.
పలక మీద నేనూ ఒత్తిగిలి పడుకున్నాను
రాయి పడుకున్నట్టే.
అప్పుడు చదవనిచ్చింది.

పేరు మొదలు విరిగిపోయింది, ...సిల్లా అని తోక మిగిలింది.
బతికింది నాలుగేళ్ళు, ఎనిమిది నెలలు, పదకొండు రోజులు.
రోజులు కూడా లెక్కపెట్టుకున్నారు.
తండ్రి పేరు ఉండాల్సిన చోట
ఉలి గాట్లు, పూత పట్టాలని.

చదివే పడుకోబెట్టాడా ఆ మేస్త్రీ,
చదువు రాకనా?
దానికి ఆధారం లేదు.
పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలాను.

ఆదివారం నజ్జరేనో భోజనానికి పిలిచాడు.
వంటింటి గడప మీద కూర్చుని
ఫిలోమెనా చేపలు తోముతోంది.
తెల్లటి పాలరాయి, నడిమధ్య అరిచేతిలా అరిగింది.
ఆమె లేచాక చూశాను
అంచున పావురం తోక.

నేను చూడటం అతను చూశాడు.
మా తాత తెచ్చాడు, అన్నాడు,
ఎక్కణ్ణించని మేమెవరం అడగలేదు.
వైను పోస్తూ, గ్లాసు నిండినా ఆపకుండా,
చెప్పాలంటావా?

టేపు సంచిలోనే ఉంది. తియ్యలేదు.
చెప్పు సర్దుకునే వంకతో వంగి వేళ్ళు పెట్టాను.
మూడు వేళ్ళు.
నలభై మూడో రాయికీ మూడే.
మూడు వేళ్ళు రోము చుట్టుపక్కల సగం రాళ్ళకి సరిపోతాయి,
అది ఆధారం కాదు, నాకు తెలుసు.

సోమవారం పొద్దున్నే ఎర్సీలియా పట్టిక అడిగింది.
ఈ ఖాళీ ఏమిటంది.
తెలీదన్నాను.

పరంజా ఎక్కుతుంటే
నా చెప్పు అంచున ఎండకి మెరుస్తూ
ఒక చేప పొలుసు.