బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగు

నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
గుంటూరులో అందరికీ ఇది అడ్రసు, నాకు భిన్నం.
పద్నాలుగులో నాలుగంటే ఎంతమ్మా అని
రోడ్డే అడుగుతుంది.
లెక్క తేలేలోపు
చేతిలో కవరు ఎవరికివ్వాలో పోతుంది.

జెరాక్సు షాపులో పని.
ఆధార్ రెండు వైపులా మూడు,
టెన్త్ మెమో రెండు, స్పైరల్ ఒకటి
కరీముల్లాగారు ఒక్క ఊపిరిలో చెప్తారు.
మొదటిది వింటాను. రెండోది పట్టుకుంటాను.
మూడోది అందుకోబోతే
చంకలో గొడుగులా మొదటిది జారుతుంది.
వంగానా, రెండోదీ పోయె.

మెషీను పచ్చలైటు
ఒక్కోసారి రెండుసార్లు మెరుస్తుంది.
నాకోసమే అనిపిస్తుంది. కాదని తెలుసు.
తెలియడం ఒక వాటాలో, అనిపించడం ఒక వాటాలో
అద్దెకుంటున్నాయి.
మధ్య తలుపుకి గడియ ఎటువైపుందో
నలభై రెండేళ్ళుగా చూస్తున్నా.

పెద్దాసుపత్రిలో ఓ అమ్మాయి
అంకెలు చెప్పి, వెనకనుంచి చెప్పమంది.
ఏడు, రెండు, తొమ్మిది. చెప్పాను.
ఏడు, రెండు, తొమ్మిది, ఐదు.
ఐదు అన్నాను. తొమ్మిది అన్నాను.
కిటికీ మీద కాకి ఒక్కసారే అరిచింది.
ఒకటి అన్నాను.
నవ్వలేదు. పెన్ను కింద పెట్టి
"ధనకుమారిగారూ, కాకిది కూడా కలిపారా?" అంది.
నన్నింతవరకూ ఎవరూ
అంత సరిగ్గా అడగలేదు.

పిచ్చి కాదట. అలాగని ఏమీ లేకపోలేదట.
తీరు అంట. దానికో పొడుగు పేరు రాసిచ్చింది.
మా వదిన జలజాక్షి ఆ కాగితం మడిచి
బియ్యం డబ్బా అడుగున పెట్టి,
"పేరెందుకే నీకు,
గోంగూర, పెరుగు, గడియారానికి సెల్లు, పో" అంది.

గోంగూర పెరుగు సెల్లు, గోంగూర పెరుగు సెల్లు,
మూడొంతెనల దాకా మోసుకెళ్ళాను.
పైన గూడ్సు.
పెట్టెలు లెక్కపెట్టకపోతే
ఏదో జరుగుతుందని అనిపించింది.
ఇంటికి గోంగూర తెచ్చాను.
యాభై ఎనిమిది తెచ్చాను.

కరీముల్లాగారు ఇప్పుడు ఒకటొకటే చెప్తున్నారు.
చెడిపోయిన కాపీల వెనక చింపి
చీటీలు చేసిస్తున్నారు.
చీటీ ఎక్కడ పెట్టానో
ఇంకో చీటీ మీద రాస్తాను.

సెల్లు లేక వంటింటి గడియారం ఆగింది.
నాలుగూ పద్నాలుగు.
వదిన చూడలేదు. నేను చూశాను.
కాకతాళీయం అంటారు కదా మీరు.
అనండి, వింటాను.
ఆ మాటలోనూ కాకి ఉంది, గమనించారా?