కొన్నాను

ఎగ్మూరు కోర్టులో నాకది మూడో కేసు.
దుబాసీ పనికి రోజుకి నూటయాభై, బస్సు ఛార్జీలు వేరే.
చాకలిపేటలో పుట్టి, తమిళంలో చదివి,
అమ్మ తిట్లలోంచి ఏరుకున్న తెలుగు నాది.
అదైనా చాలన్నారు.

పెంచలయ్య. వెంకటగిరి పక్కన ఏదో పల్లె.
కోయంబేడు సంతలో పనసకాయలు కోసేవాడు.
వడ్డీలకి తిప్పే వడివాంబాళ్‌ని
అరటిగెలల గోదాము వెనక
తెల్లారుజామున నాలుగింటికి ఎవరో పొడిచారు.
పెంచలయ్య ఆమెకు ఆరువేలు బాకీ.
కత్తి పెంచలయ్యది.
ఇంతవరకూ ఎవరికీ తగాదా లేదు.

కత్తి సంగతేంటని స్టేషనులో అడిగితే
వాడన్నది ఒక్క ముక్క:
కత్తి నేనే కొన్నాను.

ఏకాంబరం అనే హెడ్డు ఆ మాట విన్నాడు.
ఆయన భాషలో కొన్నేన్ అంటే చంపాను.
కత్తి అక్కడా కత్తే.

మేజిస్ట్రేటు ముందు నేను సరిగ్గానే చెప్పానండీ.
వాంగినేన్ అన్నాను.
ఈవినింగ్ బజారులో కొన్నాడట,
జిగురంటకుండా నూనె రాసి, పిడికి గుడ్డ చుట్టి
పనసకి మాత్రమే వాడతాడట, అన్నీ చెప్పాను.
టైపు కొట్టేవాడు తలెత్తలేదు.
పక్కన స్టేషను కాగితం పెట్టుకుని అందులోదే దింపుతున్నాడు.
ఒంటిగంట దాటింది.
క్యాంటీన్లో సాంబారన్నం అయిపోతుందని
చదవకుండా మూడుచోట్ల సంతకం పెట్టాను.

యావజ్జీవం.

పందొమ్మిదేళ్ళు.
ఈలోగా నాకు పెళ్ళయింది, మోకాలు అరిగింది,
మా పేటకి మెట్రో వచ్చింది.
వాడి పెళ్ళాం సుబ్బరత్తమ్మ
పుళల్ జైలు గేటు ముందు ప్రతి రెండో శనివారం
వేరుశనగ ఉండలు పట్టుకుని నిలబడేదట.
ఏదో ఒక ఏడు రావడం మానేసింది.
ఎందుకో కాగితాల్లో లేదు.

ఇప్పుడు మీనలోచని అనే కుర్ర వకీలు
మైలాపూరు ల్యాబు బీరువాలోంచి ఒక కవరు తీయించింది.
వడివాంబాళ్ గోళ్ళ కింద ఇరుక్కున్న చర్మం,
నువ్వుగింజలో సగం ఉండదు.
డీఎన్ఏ పెంచలయ్యది కాదు.
ఎవడో మగవాడిది. పేరు లేదు.
ఆ చర్మానికి తెలుగు రాదు, తమిళం రాదు,
దానికి దుబాసీ అక్కర్లేదు, అంది వకీలమ్మ.
బాగానే అంది. నాకే ఎక్కడో గుచ్చుకుంది.

లక్క ముద్ర పగిలి ఉందన్నాడు సర్కారు ప్లీడరు.
ముందురోజు బాకీల దగ్గర ఆమె
ఇద్దరు హమాలీల చొక్కాలు పట్టుకుందన్నాడు,
గోళ్ళ కింద ఎవరి తోలైనా ఉండొచ్చన్నాడు.
అదీ కాదనలేం.
వాయిదా.

రాత్రిళ్ళు ఆ మాటని మళ్ళీ వింటాను.
అప్పటికే వాడు మదరాసొచ్చి పన్నెండేళ్ళు.
సంతలో సగం మాట ఇటుది, సగం అటుది.
స్టేషనులో ఏ భాషలో నోరు తెరిచాడో
నేనక్కడ లేను కదా.
నా ముందు మాత్రం కొన్నాను అన్నాడు.
చివర ‘ను’ ఉంది. ఉన్నట్టే గుర్తు.
ఒక్కోసారి ఫ్యాను గాలికి అది కొట్టుకుపోతుంది.

మొన్న నన్ను మళ్ళీ పిలిపించారు.
అవసరం పడలేదు.
జడ్జి అడిగినవాటికి వాడే తమిళంలో చెప్పాడు,
నాకంటే శుభ్రంగా. జైల్లోనే పది పాసయ్యాడట.
తర్వాత వరండా బెంచీ మీద సంకెళ్ళతో కూర్చుని
నన్ను గుర్తుపట్టి,
ఒక్కో మాటా తడుముకుంటూ తెలుగులో అడిగాడు:
“ఆ పొద్దు నీకెంత ఇచ్చినారమ్మా?”

నూటయాభై.

“కత్తి నూటిరవై పడింది నాకు” అన్నాడు.
“బేరమాడుంటే వందకే ఇచ్చుండు.”

ఎస్కార్టు పోలీసు టీ తాగొచ్చాడు.
వాడు లేస్తూ వంగి,
కింద పడిన నా పెన్ను
రెండు చేతులతో తీసి ఇచ్చాడు.
రెండు చేతులతోనే ఇవ్వగలడు.