గుల్ల సున్నం

విజయనగరం కోటకి సముద్రం లేదు.
కందకం నిండా గుర్రపుడెక్క,
గుమ్మం పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి,
లోపల మా కాలేజీ.
మూడేళ్ళు ఆ గోడకి వీపు ఆనించి
టిఫిన్ డబ్బా తిన్నాను.
నా మటుకు అది ఎండాకాలం నీడ,
పరీక్షల ముందు కుర్చీ వెనకభాగం.

ఇవాళ గురమ్మత్త వచ్చింది,
చింతపల్లి ఒడ్డు నుంచి తొలి బస్సుకి,
తట్టలో ఎండు నెత్తళ్ళతో.
గంటస్తంభం వెనక సందులో
పదకొండుకల్లా ముప్పాతిక సరుకు పోయిందట.
"బస్సుకింకా గంటన్నరుంది.
మీ కోటేటో సూపించవే, గుంటా."

నలభై ఏళ్ళుగా ఈ ఊరొస్తోంది.
బయటి గోడ నీడన తట్ట దించింది, ఎత్తింది.
మరి లోపలికెప్పుడూ రాలేదేం?
"పనేటుంది?" అంది.

నేను ముందు నడిచాను.
కావలసిన దానికన్నా కొంచెం ముందు.
వెనక వస్తున్నావిడ
నన్ను దారి అడిగిన మనిషి అనుకోవడానికి
సరిపోయేంత ముందు.
పొద్దున్నే రెండుసార్లు షాంపూ పెట్టి రుద్దుకున్న తల నాది.

బురుజు వెనక
జిల్లేడు మొక్క గోడని చీల్చుకొచ్చిన చోట
గచ్చు పెచ్చులుగా ఊడింది.
అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూశాను.
అత్త గోడకి ముక్కు ఆనించి నిలబడింది
సూదిలోకి దారం ఎక్కించేటప్పటిలా.
గోటితో గీకింది, ఉఫ్‌మని ఊదింది.
చిటికెన వేలి గోరంత గుల్ల.
దాని మీద గోధుమ రంగు చారలు,
నిన్న ఒడ్డుకి కొట్టుకొచ్చినట్టు.

"ఒలమ్మ!" అంది,
పరాయి ఊళ్ళో చుట్టం ఎదురైనట్టు.

పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు
బట్టీ దగ్గర ఊక చల్లిందట. నాకు తెలీదు.
బీలలో మొలలోతు నీళ్ళలో దిగి
కాలి వేళ్ళతో గుల్ల తడిమి పట్టుకోవడం,
పొరకి పొరకీ మధ్య ఊక,
రాత్రంతా చిటపట,
తెల్లారి నీళ్ళు కొడితే పాములా బుస.
"కళ్ళు మండిపోయీవి. తెల్లగా మాత్రం ఉండీది,
మల్లిపువ్వు నాగ."

ఇప్పుడేదో పెద్దమాట అంటుందనుకున్నాను.
రాజుల గురించో, చెమట గురించో,
వ్యాసంలో రాసుకోడానికి పనికొచ్చేది.

"సరిగ్గా కాల్సినేదు" అంది.
"బద్దకపోడెవడో. ఊక మిగుల్సుకున్నాడు."

నాలుక కొసతో ఆ గుల్లని తాకింది,
కూరలో ఉప్పు చూసినట్టు.
ఏం రుచో చెప్పలేదు.
చారలు చెరిగేలా నిప్పెక్కిన గుల్లలన్నీ
ఈ గోడలో గోడైపోయాయి.
ఎవడో ఆవులించిన రాత్రి
ఇదొక్కటి తప్పించుకుంది.

గార్డు వచ్చాడు.
"చెయ్యెట్టకూడదమ్మా, పురాతనం."
అత్త చెయ్యి తీసి చీరకి తుడుచుకుంది.
"పురాతనవే బాబూ. కాలడం కాలినేదు."
అతను ముక్కు ఎగబీల్చాడు.
"నెత్తళ్ళా? పావు ఎంత?"
కోట నడిబొడ్డున తట్ట దిగింది.
ముప్పై అంటే ఇరవై అన్నాడు,
పాతికకి కుదిరింది.
పైన ఓ పిడికెడు కొసరు.

వాళ్ళటు బేరంలో ఉండగా
గోడకి చెవి పెట్టాను.
శంఖంలో వినిపించేది వినిపిస్తుందేమోనని.
అవతల ఎవరో బైక్ స్టార్ట్ చేశారు.

నగారాఖానా కింద హారిక ఎదురైంది,
చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని.
"ఏంటే ఈ వాసన?"

"గోడది" అన్నాను.

అత్త విందో లేదో,
చుట్టకుదురు సర్దుకుంటోంది.