కొంచెం తక్కువ ఇనుము

మార్చి. సెయింట్ లారెన్స్ నది మీద మంచు
పలకలు పలకలుగా కదులుతోంది.
నేను సోలాంజ్ ఇంటి నేలమాళిగలో
మోకాళ్ల మీద ఉన్నాను,
దారం కట్టిన అయస్కాంతంతో.

గోడలోపల ఎవరో సాలీడును వదిలినట్టు
మూల నుంచి మూలకి పగుళ్లు.
ఒకదాంట్లోంచి గోరంత రాయి ఊడబీకాను.
విరిగిన చోట కంచు రంగు,
నాలుగు రోజులు గాలి తగిలితే కమిలిపోతుంది.
గరుకు పింగాణీ మీద నల్లటి గీత గీస్తుంది,
చాకు మొనకి లొంగుతుంది.
దారం దించాను.
అయస్కాంతం కాసేపు సందేహించి
పక్కకి ఒరిగింది,
పిలిస్తే సగం మెడ తిప్పిన పిల్లిలా.

పిర్రోటైట్, అంది ల్యాబులో ఒడీల్.
ఆమ్లం చుక్క వేసి కుళ్లిన గుడ్డు వాసన చూపించింది.
దీన్లో గంధకానికి సరిపడా ఇనుము లేదట,
వరసలో అక్కడక్కడా ఖాళీ కుర్చీలట.
అన్నీ నిండి ఉంటే
అయస్కాంతం దీని మొహమే చూసేది కాదట.
ఆ ఖాళీలదే ఈ లాగుడంతా.

నాకు తలకెక్కింది అంతవరకే. లారీ డ్రైవర్ని నేను.
తిరిగే డ్రమ్ములో కంకరా సిమెంటూ నీళ్లూ
ఈ వీధి పొడుగునా పోసినవాణ్ణి.
ఆ జూన్‌లో సోలాంజ్ నాకు చల్లటి బీరు ఇచ్చి,
తడి గోడకి కొడుకు అరచెయ్యి అద్దించింది.
అది ఇంకా ఉంది.
చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ
ఇప్పుడు నా బొటనవేలు పడుతుంది.

తేమ వచ్చింది, గాలి వచ్చింది.
ఇనుము తుప్పయింది, గంధకం ఆమ్లమయింది.
ఆమ్లం సిమెంటులోని సున్నాన్ని తిని
కొత్త స్ఫటికాలై లావెక్కింది,
చోటు చాలక
బస్సులో లావుపాటి మనిషిలా
గోడని మోచేత్తో నెట్టింది.
దాన్ని తిట్టాలని చూశాను, మాట రాలేదు.
కొండలో కోట్ల ఏళ్లు ఊపిరాడక పడుకున్నదాన్ని
పేల్చి బయటికి లాగింది మేమే.

"ఎంత శాతం, రోజేర్?"
మెట్ల మీంచి సోలాంజ్.
కాగితం ఒడీల్ దగ్గరుందన్నాను.
నా దగ్గరున్న చీటీల సంగతి చెప్పలేదు,
తేదీ, లారీ నంబరు, కింద నా సంతకం.

లేచి, మోకాళ్లు దులుపుకుని
అయస్కాంతాన్ని జేబులో వేసుకున్నాను.
లోపల మా ఇంటి తాళాల గుత్తికి
ఠక్కున అతుక్కుంది,
ఈసారి సందేహించకుండా.
మా గోడలూ ఆ జూన్‌వే.