జాడీకి చెవి ఆనించి

మార్చిలో పదకొండింటికే
యార్డు వైపు నుంచి గాలి మళ్ళితే
గుంటూరంతా ఒక్కసారి తుమ్ముతుంది.
ఆలోపే కోసెయ్యాలి అంటుంది సువార్తమ్మ పెద్దమ్మ
గుడి వెనక పందిరి కింద స్టూలెక్కి.

గోలీలంత కాయలు. తొక్క మందం, గింజ పెద్దది.
బజార్లో పెడితే ఎవరూ కొనరు.
"తినడానిక్కాదులేవే ఇవి" అని
గుత్తి గుత్తీ కత్తిరించి నా చేటలో పడేస్తుంది.

తొడిమలు తీయడం మాకెవరూ నేర్పక్కర్లేదు,
క్వింటాళ్ళ మిరపకాయలకి తీసిన చేతులు.
అందుకే ముందు వాటికి కొబ్బరినూనె, ఆపైన సున్నిపిండి.
వాసన చూసిగాని బేసిన్ దగ్గరికి రానివ్వదు.
ఓ ఏడు రాహేలు కడుక్కోకుండా పిసికింది.
క్రిస్మస్ నాడు బల్ల దగ్గర
అయ్యగారితో సహా వరసంతా దగ్గింది.

ఆవకాయ ముఖం చూడని జాడీ.
కేజీకి ముప్పావు పంచదార, గుప్పెడు గోధుమలు,
నాలుగు లవంగాలు, కాచి చల్లార్చిన నీళ్ళు.
మూతికి పాతచీర పేలిక.

మూడోనాటికి జాడీ మాట్లాడుతుంది.
పెద్దమ్మ చెవి ఆనించి వింటుంది.
నేనూ ఆనించా,
రేకుల కప్పు మీద ముసురు వినబడింది.
ఆమెకేం వినబడిందో చెప్పలేదు గాని
లేచి, ఒక్కసారి వాసన పీల్చి
ముఖం తిప్పుకుంది.

పదిహేడేళ్ళు అర్ధరాత్రి తలుపు తీసి
ఆ వాసనని లోపలికి రానిచ్చిన మనిషి.
సారాకొట్టు మీదికి చీపుళ్ళతో వెళ్ళినప్పుడు
ముందు వరస ఆమెది.
అయినా యెషయా పెదనాన్నని
పెద్దాసుపత్రి వరండాలోంచే తెచ్చుకున్నాం,
పసుపు ముద్దల్లాంటి కళ్ళతో.

ఇరవై ఒకటో రోజు వడకడుతుంది. తొక్కలు పిండదు.
పిండితే వగరు దిగుతుందట.
మడ్డి కూర్చునేదాకా మంచం కింద.
తేట వంచి, మళ్ళీ మంచం కింద.
వానాకాలం అలా పోతుంది.

సీసాలకి సంఘం డబ్బులివ్వదు.
పాతసామాన్ల మస్తాన్ బండి మీద ఏరుకొస్తుంది:
బ్రాందీవి, విస్కీవి, మూత పోయినవి.
ఇసుక, బూడిద, మరిగే నీళ్ళు.
చదువు రాదు, బొమ్మని బట్టి ప్రతి లేబులూ తెలుసు.
"ఇది మీ పెదనాన్నది" అంది ఓసారి,
గుర్రం బొమ్మది వెలుగుకి ఎత్తిపట్టి.

పగలగొడుతుందనుకున్నా.
గుర్రాన్ని గోటితో గీకింది, తోక మిగిలితే మళ్ళీ గీకింది.
కడిగింది. ఇంకోసారి కడిగింది.
బోర్లించి, ఎండబెట్టి, గరాటు పెట్టి
దాన్నే ముందు నింపింది.

గిన్నె తనదాకా వచ్చినప్పుడు
పెదవి తడుపుకుంటుంది.
పక్కనే మోకరించి ఓరకంట చూస్తాను:
గొంతు కింద గుటక కదలడం
ఇంతవరకూ చూడలేదు.